కంటికి భాష అక్కర్లేదు.. మనసుకు కావాలి

రాయగడ జిల్లాలో ఒక సర్కారు బడి వరండా. గోడకు ఒక అట్ట వేలాడుతుంటుంది. దాని మీద ఇంగ్లిషు ‘ఈ’ అక్షరాన్ని పెద్దదిగా, చిన్నదిగా, నిలువుగా, తలకిందులుగా, పక్కకు తిప్పి అచ్చేసి ఉంటారు. పిల్లాడు ఆరు మీటర్ల దూరంలో నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, అక్షరం కాళ్లు ఎటున్నాయో వేళ్లతో చూపిస్తాడు. ఆ పిల్లాడు ఇంట్లో కువి మాట్లాడతాడా, ఒడియానా, తెలుగా అన్నది మాస్టారికి అనవసరం. వేళ్లు సరైన వైపు తిరిగితే చూపు ఉన్నట్టు. లేకపోతే కంటి ఆస్పత్రికి చీటీ. అంతటితో సరి.

ఇప్పుడు బళ్లారి వైపు రావాలి. ఆస్పత్రిలో మానసిక వైద్యుడి గది. సిరుగుప్ప పక్క పల్లె నుంచి కోడల్ని తోడు తీసుకుని ఒక ముసలమ్మ వచ్చి బల్ల మీద కూర్చుంటుంది. ‘మనేద పట్టుకుంది నాయనా, ముద్ద మింగుడు పడదు, పొద్దుగూకితే గుబులు’ అంటుంది. డాక్టరు ధారవాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు. మంచివాడే. తెలుగు మాత్రం రాదు. కోడలికి కన్నడం వచ్చు గానీ ‘మనేద’ను కన్నడంలో ఏమనాలో తెలియదు. ‘తలనొప్పి, నిద్ర రాదు’ అని చెప్పి ఊరుకుంటుంది. మనేద కాస్తా దారిలో తలనొప్పి అయిపోయింది. నిద్రమాత్ర రాసిచ్చారు. అత్తాకోడళ్లు బస్సెక్కారు.

ఇలాంటిది కోలారులో, హోసూరులో, బరంపురంలో, షోలాపూర్ చేనేత పేటల్లో ఎవరిని కదిలించినా చెబుతారు. కన్ను, తిండి, మనసు.. ఈ మూడింటి మీదా దేశం గర్వించదగ్గ పరిశోధనలు తెలుగువాళ్లు బతికే ఈ నేల మీదే, వాళ్ల పక్కనే జరిగాయి. కంటి పరిశోధన ఫలితం సరిహద్దు దాటి గడప దాకా వచ్చింది. తిండి పరిశోధన సగం దూరం వచ్చింది. మనసు పరిశోధన మాత్రం ఊరి పొలిమేరలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పుకోకపోతే ఎన్ని పథకాలు వచ్చినా ఆ ముసలమ్మకు నిద్రమాత్రే మిగులుతుంది.

గుడ్డితనం లెక్క తేలిన తీరు

కంటి విషయంలో జరిగిన మేలు ముందు ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టారు. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఇంటింటి అధ్యయనం చేసింది. హైదరాబాద్‌తో పాటు ఎంచుకున్న జిల్లాలు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్. ఆదిలాబాద్‌కు అవతల నాందేడ్, చంద్రపూర్ ఉన్నాయి. మహబూబ్‌నగర్‌కు అవతల రాయచూరు. అంటే సరిహద్దుకు ఇవతల ఉన్న కళ్లను చూసి అవతలి కళ్ల సంగతి కూడా చాలావరకు చెప్పొచ్చు. 10,293 మందిని పరీక్షిస్తే గుడ్డితనం 1.84 శాతంగా తేలింది. అందులో అన్నిటికన్నా పెద్ద కారణం శుక్లాలు. ఆ తర్వాతి పెద్ద కారణం కళ్లద్దాలు లేకపోవడం! ఒక జత అద్దాలు పెట్టుకుంటే పోయే గుడ్డితనం అన్నమాట. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి ఉంటుందా?

ఇటు తమిళనాడులో మదురై అరవింద్ కంటి ఆస్పత్రిది మరో కథ. డాక్టర్ జి.వెంకటస్వామికి కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతోనే ఆయన కత్తి పట్టి ఆపరేషన్లు చేశారు. సర్కారు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, 1976లో, 11 పడకలతో ఆస్పత్రి పెట్టారు. 1992లో ఆ సంస్థ సొంతంగా కంటిలోపల అమర్చే లెన్సు తయారీ మొదలుపెట్టింది. అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన ఖరీదైన సరుకు కాస్తా పేదవాడి కంట్లోకి చేరింది. శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్లద్దాలు తగిలించే రోజులు అలా పోయాయి.

రాయగడలో ఎల్.వి.ప్రసాద్ సంస్థ వాళ్లు బడి పంతుళ్లకే చూపు పరీక్ష నేర్పారు. మొదటి వడపోత పంతుళ్లది, తర్వాతిది శిక్షణ పొందిన కంటి కార్యకర్తలది, ఆఖరిది డాక్టర్లది. లక్ష మందికి పైగా పిల్లల్ని ఇలా జల్లెడ పట్టి, ఆ అనుభవాన్ని 2018లో అచ్చువేశారు. అన్ని కొండభాషలు, ఒడియా, తెలుగు కలగలిసిన చోట ఇంత పెద్ద పని సాఫీగా సాగిందంటే, కంటి డాక్టర్ల దక్షత ఒక కారణం. ‘ఈ’ అక్షరం రెండో కారణం. కన్ను తన సంగతి తానే చెబుతుంది. దుబాసీ అక్కర్లేదు.

రేచీకటి: రెండు ఊళ్లు, రెండు జవాబులు

కంటికీ తిండికీ ఉన్న చుట్టరికం ఈ ప్రాంతపు తల్లులకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దు వాలగానే పిల్లవాడు గడప తన్నుకుని పడుతుంటే ‘రేచీకటి’ అన్నారు. మునగాకు, తోటకూర పెట్టారు. మేకను కోసిన రోజున కార్జం ముక్క ఆ పిల్లవాడికే పక్కన పెట్టారు. కార్జంలో విటమిన్ ‘ఏ’ నిండుగా ఉంటుందని శాస్త్రం ఆ తర్వాత చెప్పింది. రేచీకటి ముదిరితే తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. కొన్ని రోజుల్లోనే జరిగిపోయే ఘోరం అది. తట్టు, విరేచనాలు వచ్చి చిక్కిపోయిన పిల్లలకు ఆ ముప్పు మరీ ఎక్కువ.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, మెక్‌కారిసన్ అనే దొర బెరిబెరి జబ్బు మీద విచారణ కోసం ఒకే ఒక గదిలో మొదలుపెట్టాడు. 1958లో అది హైదరాబాద్ చేరింది. ఇక్కడి శాస్త్రవేత్తలు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు పెద్ద మోతాదులో విటమిన్ ‘ఏ’ తాగించి చూశారు. కాలేయం దాన్ని నెలల తరబడి దాచుకుని వాడుకుంటుందని, కంటి మచ్చలు తగ్గుతాయని తేల్చారు. ఆ పల్లెల్లో తేలిన సంగతి మీదే 1970లో దేశమంతటికీ కార్యక్రమం వచ్చింది. ఇవ్వాళ అంగన్‌వాడీలో తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత అయిదేళ్లు నిండే దాకా ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్లు చెంచాతో పోస్తున్నారంటే దాని మూలం అక్కడుంది.

ఆ తర్వాత అసలు పేచీ వచ్చింది. 1986లో ఇండోనేసియా నుంచి సోమర్ బృందం ఒక మాట చెప్పింది. విటమిన్ ‘ఏ’ కళ్లనే కాదు, ప్రాణాన్నీ కాపాడుతుందని, పిల్లల చావులు తగ్గాయని. నిజమా కాదా అని దక్షిణాదిన ఇద్దరు విడివిడిగా పరీక్ష పెట్టారు. మదురై అరవింద్ వాళ్లు తమిళనాడులో 15,419 మంది పిల్లలతో చేశారు. వారం వారం ఇంటికెళ్లి చిన్న మోతాదు, 8,333 యూనిట్లు తాగించారు. హైదరాబాద్ వాళ్లు 15,775 మంది పిల్లలతో చేశారు. ఆర్నెల్లకోసారి రెండు లక్షల యూనిట్లు ఇచ్చారు. రెండు ఫలితాలూ 1990లోనే వచ్చాయి. మదురై లెక్కలో చావులు 54 శాతం తగ్గాయి. హైదరాబాద్ లెక్కలో తేడా ఏమీ లేదు!

ఒకే ఏడాది, ఇంచుమించు ఒకే సంఖ్యలో పిల్లలు, పక్కపక్క రాష్ట్రాలు. రెండు జవాబులూ తూర్పూపడమరా. దీన్ని చూసి ‘డాక్టర్లకే తెలియదు’ అని నవ్వుకునేవాళ్లు ఉంటారు. అది తొందరపాటు. అసలు తేడా ఎక్కడొచ్చిందన్నదే చూడాల్సింది. వారం వారం అందే చిన్న మోతాదు ఒంటికి అలవాటైన తిండిలాంటిది. ఆర్నెల్లకోసారి పోసే పెద్ద మోతాదు వరదలాంటిది. పిల్లల్లో ముందే ఉన్న లోపం ఎంత, తట్టు టీకాలు ఎంతమందికి పడ్డాయి, జబ్బు చేసినప్పుడు డాక్టరు ఎంత దగ్గర అన్నవీ లెక్కలోకి వస్తాయి. 2013లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన పది లక్షల మంది పిల్లల పరీక్షలోనూ చావుల్లో గట్టి తేడా తేలలేదు. ఇప్పుడు పోషకాహార సంస్థ వాళ్లూ, బెంగళూరు సెయింట్ జాన్స్ వాళ్లూ కలిసి ఇంకో ప్రశ్న వేస్తున్నారు. లోపం తగ్గిపోయిన చోట కూడా అందరు పిల్లలకూ పెద్ద మోతాదు పోస్తూ పోవాలా అని. వంటనూనెలోనూ విటమిన్ ‘ఏ’ కలుపుతున్న రోజులివి. 2016-18లో జరిగిన జాతీయ పోషణ సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల్లో దాదాపు 18 శాతం మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. అంటే అయిదుగురిలో ఒకరికి కూడా పూర్తిగా లేదు. ఆ ఒక్కరు ఎవరన్నదే అసలు సంగతి.

ఆ ఒక్కరు ఏ ఇంట్లో ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు. బడికీ అంగన్‌వాడీకీ దూరంగా ఉన్న ఇంట్లో ఉంటారు. సున్నంబట్టీ, ఇటుకబట్టీ, చెరకు కోత పనుల కోసం ఆర్నెల్లు ఒక రాష్ట్రంలో, ఆర్నెల్లు ఇంకో రాష్ట్రంలో బతికే ఇంట్లో ఉంటారు. సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేం కావు. చెంచా పోసే రోజున ఆ పిల్లవాడు కార్డు ఉన్న ఊళ్లో ఉండడు, ఉన్న ఊళ్లో కార్డు ఉండదు. పిల్లవాడికి సాయంత్రం కళ్లు కనపడటం లేదని తల్లి చెబితే వినిపించుకునే మనిషి ఉండాలి కదా. ఇక్కడే భాష మెల్లగా లోపలికి వస్తుంది. ‘రేచీకటి’ అన్న మాట అర్థమైన ఆశా కార్యకర్తకు జబ్బు అక్కడికక్కడే తెలిసిపోతుంది. అర్థం కాని చోట అది ‘కళ్లు సరిగా లేవు’ అవుతుంది. ఆకుకూర ఉడికించి పెట్టు అని చెప్పడం సులువే. కాస్త నూనె పడితేగానీ ఆకుకూరలోని ‘ఏ’ ఒంటికి పట్టదన్న సంగతి తల్లి భాషలో చెబితేనే తల్లి గుర్తుపెట్టుకుంటుంది.

జొన్నరొట్టె, మతి

తిండికీ మతికీ ఉన్న లంకె గురించి చెప్పాలంటే దక్కను జొన్న దగ్గర మొదలుపెట్టాలి. బళ్లారి, రాయచూరు, షోలాపూర్, నాందేడ్, ఇటు పాలమూరు, మెదక్.. ఇదంతా జొన్న నేల. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి పేరున చాటువులే పుట్టాయి. కడుపు నింపిన గింజ అది, దాన్ని తప్పుపట్టే పనిలేదు. అయితే కరువు కాలంలో పప్పు లేక, పాలు లేక, కూర లేక ఒక్క రొట్టె మీదే నెలల తరబడి బతికిన కూలివాళ్లకు ఒక జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతులు, పాదాలు, మెడ, చర్మం నల్లబడి పొలుసులు లేచేది. నాలుక ఎర్రబడేది. విరేచనాలు పట్టుకునేవి. ఆ తర్వాత మతి. మొదట నిద్ర ఉండదు, దిగులు. చివరికి తనెవరో తెలియని అయోమయం. దీని పేరు పెల్లాగ్రా.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికిన పేదలకు ఇదే జబ్బు వేలల్లో వచ్చింది. అక్కడి పిచ్చాసుపత్రుల్లో పెల్లాగ్రా రోగులు నిండిపోయారు. ఇది అంటువ్యాధి అని పెద్ద డాక్టర్లంతా వాదిస్తుంటే, గోల్డ్‌బెర్గర్ అనే సర్కారు డాక్టరు 1915 ప్రాంతంలో అనాథాశ్రమాల్లో, పిచ్చాసుపత్రిలో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించి చూశాడు. జబ్బు మాయమైంది. లోపించింది నియాసిన్ అనే బి-విటమిన్ అని 1937లో తెలిసింది.

అయితే ఇక్కడి జబ్బులో ఒక చిక్కు ఉంది. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి అందని రూపంలో ఉంటుంది. నియాసిన్ తయారుచేసుకోవడానికి పనికొచ్చే ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువ. జొన్నలో ఈ రెండు లోపాలూ ఆ స్థాయిలో లేవు. మరి జొన్న తిన్నవాళ్లకు పెల్లాగ్రా ఎలా వచ్చింది? హైదరాబాద్ పోషకాహార ప్రయోగశాలలో డాక్టర్ సి.గోపాలన్, శ్రీకంఠయ్య ఈ ప్రశ్న పట్టుకున్నారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే భాగం మోతాదుకు మించి ఉంటుందని, అది ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డం పడుతుందని 1960లో ప్రకటించారు. తర్వాత అదే సంస్థ బి-6 విటమిన్ పాత్ర కూడా చూపింది. లూసిన్ వాదాన్ని బయటి శాస్త్రవేత్తలు కొందరు ఒప్పుకోలేదు, ఆ తగువు పూర్తిగా తీరనూ లేదు. కానీ ఒక సంగతిలో తగువు లేదు. మతి తప్పిందని ఇంట్లో వాళ్లు వదులుకున్న మనిషి, నాలుగు రోజుల నియాసిన్, కాసింత మంచి తిండితో మళ్లీ మనుషుల్ని గుర్తుపట్టాడు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించుకున్నవాళ్లలో, గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్నవాళ్లలో ఇలాంటి ఆకలి రోగులు ఎంతమంది ఉండి ఉంటారో లెక్క తీసిన నాథుడు లేడు.

రేషన్ బియ్యం వచ్చాక, తిండి మారాక ఈ నేల మీద పెల్లాగ్రా తగ్గిపోయింది. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు షుగరు భయంతో నగరాల్లో జొన్నరొట్టె ఖరీదైన తిండి అయ్యింది. పప్పుతో, పెరుగుతో, కూరతో తినేవాళ్లకు దానివల్ల ఏ భయమూ లేదు. కానీ తాగుడుకు అలవాటై తిండి మానేసినవాళ్లలో పెల్లాగ్రా ఇప్పటికీ తొంగిచూస్తూనే ఉంటుంది. బి-12 లోపం వల్ల మతిమరుపు, చిరాకు, కాళ్లలో తిమ్మిర్లు రావచ్చు. థైరాయిడ్ తగ్గితే దిగులు పట్టినట్టు ఉంటుంది. మానసిక జబ్బు అని ముద్ర వేసేముందు ఒకసారి నాలుక చూడాలి, చర్మం చూడాలి, నెత్తురు పరీక్ష చేయించాలి. ఈ పాఠం దక్కను కూలివాళ్లు తమ ఒంటి మీద రాయించుకుని దేశానికి ఇచ్చారు.

ఇంకో మాట కూడా వెంటనే చెప్పాలి. ఇది విని ‘అయితే మనసు జబ్బులన్నీ తిండితోనే పోతాయి’ అనుకుంటే అంతకంటే ప్రమాదం లేదు. బస్టాండు గోడల నిండా పొడులూ లేహ్యాలూ అమ్మేవాళ్ల బొమ్మలే. స్కిజోఫ్రీనియా చిరుధాన్యాలతో కుదరదు. తీవ్రమైన కుంగుబాటు బెల్లంతో పోదు. మందులు కావాలి, ఏళ్ల తరబడి కావాలి. అంతకంటే ముందు మాట కావాలి.

బళ్లారి నేర్పిన పాఠం, బళ్లారికే అందని పాఠం

బెంగళూరు నిమ్‌హాన్స్ ఈ దేశంలో మానసిక వైద్యానికి పెద్దదిక్కు. 1974లో పాత మైసూరు సర్కారు మానసిక ఆస్పత్రినీ, అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థనూ కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చాక, దాన్ని ఊళ్లలో ఎలా నడపాలో ఎవరికీ తెలియలేదు. నిమ్‌హాన్స్ వాళ్లు 1985లో ఒక జిల్లాను ఎంచుకున్నారు. ఆ జిల్లా బళ్లారి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక జబ్బుల్ని గుర్తుపట్టడం నేర్పారు. నాలుగైదు రకాల మందులు ఊరి దగ్గరే దొరికేలా చేశారు. మూడొందల కిలోమీటర్ల అవతల ఉన్న బెంగళూరుకు పోనక్కర్లేకుండా మూర్ఛ రోగులకు, మతి చెడినవాళ్లకు వైద్యం అందించొచ్చని చూపించారు. ఆ నమూనాతోనే 1996లో నాలుగు జిల్లాల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలై, తర్వాత దేశమంతటికీ పాకింది. ఇవ్వాళ ఏ రాష్ట్రంలో ఏ జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యం గది కనిపించినా దాని పునాది రాయి బళ్లారిలో ఉంది.

బళ్లారి ఎలాంటి ఊరో చెప్పక్కర్లేదు. అంగట్లో కన్నడం, ఇంట్లో తెలుగు, మసీదు వీధిలో ఉర్దూ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ముందు ప్రయోగాత్మకంగా సర్వే చేసింది కోలారు జిల్లాలో. అదీ అంతే, గడప లోపల తెలుగు వినిపించే జిల్లా. దేశంలో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన రెండు పెద్ద ప్రయోగాలూ తెలుగు ఇళ్ల ముందు నుంచే నడిచి వెళ్లాయి.

తర్వాత అసలు సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. దేశంలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా, 10.6 శాతం మందికి, ఏదో ఒక మానసిక జబ్బు ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి వైద్యం అందనివాళ్లు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆ 12 రాష్ట్రాల్లో తమిళనాడు ఉంది. కర్ణాటక లేదు, మహారాష్ట్ర లేదు, ఒడిశా లేదు, రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. నమూనాకు కొన్ని రాష్ట్రాలు ఎంచుకోవడం తప్పేం కాదు. తమిళనాడులో అయినా, హోసూరు కృష్ణగిరి ఇళ్లలో వచ్చిన జవాబు తమిళం ఇంటిదా, తెలుగు ఇంటిదా అన్న వివరం పైకి వచ్చే లెక్కల్లో కనిపించదు. మగ, ఆడ, పట్నం, పల్లె, వయసు, చదువు అన్నీ ఉంటాయి. ఇంటి భాష అన్న గడి ఉండదు. లెక్కలో లేనివాడికి వడ్డనలోనూ చోటుండదు.

భాషకు అంత బలం ఉందా అని అడగొచ్చు. నెత్తురులో చక్కెర ఎంతో యంత్రం చెబుతుంది. కంటి శుక్లం దీపం వేస్తే కనిపిస్తుంది. చంటిపిల్లవాడి బక్కతనం చేతికి చుట్టే పట్టీ చెబుతుంది. మనసు జబ్బుకు మాత్రం పట్టీ లేదు, దీపం లేదు. రోగి నోటి నుంచి వచ్చే మాటే పరీక్ష. ఆ మాటలు చూడండి. బెంగ, దిగులు, గుబులు, గాబరా, మనేద. ఒకటి ఉన్నచోట ఇంకోటి కుదరదు. పిల్లల మీద ఉండేది బెంగ. రేపటి మీద ఉండేది దిగులు. పొద్దుగూకితే వచ్చేది గుబులు. లోపల లోపల తినేసేది మనేద. తెలంగాణ నుంచి షోలాపూర్ మగ్గాలకు వచ్చినవాళ్ల ఇళ్లలో ‘బుగులు’ అంటారు. కోలారు, చిక్కబళ్లాపురం తెలుగులో కన్నడంతో కలిసి ‘బేజారు’ అయ్యింది. అక్కడ ‘బేజారైపోయింది’ అన్నమాటకు విసుగు దగ్గర్నుంచి బతుకు మీద ఆశ పోవడం దాకా అన్ని అర్థాలూ ఉన్నాయి. ఆ మాట ఏ గొంతుతో వచ్చిందో ఆ ఊరివాళ్లకు తెలుస్తుంది. ప్రశ్నావళిలో ‘గత రెండు వారాలుగా ఆసక్తి తగ్గిందా’ అని పుస్తకం తెలుగులో అడిగినా, పుస్తకం కన్నడంలో అడిగినా అటు నుంచి వచ్చే జవాబు ఒకటే. ‘లేదు సారూ, బాగానే ఉన్నా.’

చూపు మీద పనిచేసేవాళ్లకు కూడా ఈ సంగతి తగిలింది. ఎల్.వి.ప్రసాద్ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 41 వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్ల కళ్లు పరీక్షించింది. దాదాపు 30 శాతం మందికి చూపు లోపం. చాలావరకు శుక్లాలూ, కళ్లద్దాలూ తీర్చగలిగేదే. అక్కడితో ఆగకుండా తొమ్మిది ప్రశ్నల పద్ధతిలో వాళ్ల మనసునూ అడిగి చూశారు. చూపు, వినికిడి రెండూ తగ్గినవాళ్లలో కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. చూపు పోతే మనిషి ఒంటరవుతాడు, వినికిడి కూడా పోతే పక్కనున్నవాడికీ దూరమవుతాడు. ఇది అందరికీ తెలిసిందే అనొచ్చు. తెలిసినా ఒకే గదిలో కన్నూ మనసూ రెండూ చూసే ఏర్పాటు ఏ జిల్లా ఆస్పత్రిలో ఉంది? కంటి శిబిరానికి వచ్చిన ముసలాయన్ని ‘నిద్ర పడుతోందా తాతా’ అని ఆయన మాటలో అడగడానికి ఖర్చు ఏముంది?

‘కర్ణాటకలో ఉంటూ కన్నడం నేర్చుకోరాదా, ఒడిశాలో ఉంటూ ఒడియా నేర్చుకోరాదా’ అనే మాట ఎప్పుడూ వినిపించేదే. నేర్చుకున్నారు. బళ్లారి తెలుగు పిల్లలు కన్నడంలో ఫస్టు మార్కులు తెచ్చుకుంటున్నారు. షోలాపూర్ పిల్లలు మరాఠీలో ఉపన్యాసాలిస్తున్నారు. మిగిలింది ఎవరయ్యా అంటే ముసలివాళ్లు, గడప దాటని ఆడవాళ్లు, బీడీలు చుట్టే అమ్మలు. మనసు చెదిరినప్పుడు నాలుగు భాషలు వచ్చినవాడు కూడా తల్లి నేర్పిన మాటలోనే ఏడుస్తాడు. డాక్టర్లను తప్పుపట్టేదీ లేదు. హుబ్బళ్లి నుంచో కటక్ నుంచో బదిలీ మీద వచ్చినవాళ్లు రెండేళ్లలో వెళ్లిపోతారు. గోవింద కొట్టించినంత తేలిగ్గా తెలుగు నేర్పించలేరు. పక్కన దుబాసీగా కూర్చునే నర్సునో, కార్యకర్తనో ఊళ్లోంచి తీసుకుని శిక్షణ ఇవ్వొచ్చు. బళ్లారి ప్రయోగం అసలు కీలకం ఏమిటి? ఊరి మనిషికి నేర్పడమే కదా!

తెలుగువాళ్ల తప్పు కూడా చెప్పుకోవాలి. మనసు జబ్బును కుటుంబం పరువుకు ముడిపెట్టడంలో వీళ్లది అందెవేసిన చెయ్యి. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డ’ అంటే తిట్టు. బెంగళూరులో ‘నిమ్‌హాన్స్’ అంటే వెటకారం. ‘పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట’ అని నవ్వుకునే సామెత ఏ ఊళ్లోనూ పాతబడలేదు. పెళ్లి సంబంధం చెడుతుందని కూతురి జబ్బు దాస్తారు. బరంపురంలో డాక్టరు ఉన్నా ఎవరైనా చూస్తారేమోనని విశాఖ రైలెక్కేవాళ్లున్నారు. సంఘాలకు లోటు లేదు. ఉగాదికి కవి సమ్మేళనం పెట్టని తెలుగు సంఘం ఏ సరిహద్దు ఊళ్లోనూ లేదు. కంటి శిబిరాలూ పెడతారు, పూలదండలూ వేయించుకుంటారు. మనసు గురించి ఒక్క సాయంత్రం మాట్లాడించిన సంఘాన్ని మాత్రం వెతుక్కోవాలి.

చట్టం మాత్రం వీళ్ల వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ రోగికి ఒక హక్కు ఇచ్చింది. తన జబ్బు ఏమిటో, ఇస్తున్న వైద్యం ఏమిటో, మందులవల్ల ఏం కావచ్చో తనకు అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో తెలుసుకునే హక్కు. రాష్ట్ర భాషలో అని కాదు, అర్థమయ్యే భాషలో అని రాశారు. ఆ మాట ఆస్పత్రి గోడ మీద ఎక్కడైనా అంటించారా? యానాంలో తెలుగు పరిపాలనలోనే ఉంది కాబట్టి అక్కడ ఈ బాధ కొంత తక్కువ. మిగతా చోట్ల ఈ సెక్షన్ పేరు చెప్పి ఒక్క అర్జీ కూడా పెట్టకుండా కూర్చుంటే హక్కు కాగితంలోనే ఉండిపోతుంది.

2022 అక్టోబరు 10న కేంద్రం ‘టెలి మానస్’ ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. ఎవరూ చూడకుండా, ఎవరికీ తెలియకుండా, ఇంట్లోంచే మాట్లాడొచ్చు. పరువు భయం ఉన్న ఇళ్లకు ఇంతకంటే కావాల్సింది లేదు. దేశం మొత్తం మీద 20 భాషల్లో నడుస్తోంది, తెలుగూ అందులో ఉంది. అయితే ఏ రాష్ట్రంలో ఏ భాషలు అన్నది ఆ రాష్ట్రం ఎంచుకున్నదాన్ని బట్టి ఉంటుంది. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర తమ జాబితాలో తెలుగును ఉంచాలి, సిరుగుప్ప నుంచి, రాయగడ నుంచి ఫోను చేస్తే తెలుగు గొంతు పలకాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఇప్పటికే తెలుగులో మాట్లాడుతున్న సలహాదారుకు ఆ కాల్ మళ్లిస్తే చాలు. జిల్లా ఆరోగ్యాధికారికి సంఘాలవాళ్లు ఇచ్చే వినతిపత్రంలో ఈసారి పాఠశాల భవనంతో పాటు ఈ ఒక్క వాక్యమూ చేరిస్తే, అధికారి కాదనడానికి కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.